అయిదో సిలిండర్ మీద పసుపు గీత

మార్చి 3, సోమవారం

ఇందుమూలంగా ఇంజన్ షాపులోని సమస్త జనానికీ, ముఖ్యంగా మూడో షెడ్డు తిండిపోతులకీ తెలియజేయడమేమనగా: క్యాంటీన్లో కిటికీ పక్కనున్న కుంటి కుర్చీ నేటి నుంచి నా సొంతం. దాని మీద కూర్చునే హక్కు నాకూ, నేను లేనప్పుడు నా తువ్వాలుకూ తప్ప అన్యులకు లేదు. చెవి విరిగిన తెల్ల కప్పులో టీ నేను మాత్రమే తాగుదును. బిస్కెట్టు టీలో తెగిపడినచో చెంచాతో తీసుకుని తినుట నేరముగా పరిగణింపబడును. మగవాడిలా టీతో సహా మింగవలెను. ధిక్కరించినవారి హెల్మెట్టులో గ్రీజు ఉండును.

ఇట్లు, తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివిన మహాపండితుడు.

కంపెనీ ఏటా ఇచ్చే డైరీలో మా ఆవిడ గ్యాస్ బండ ఎప్పుడు మార్చిందో రాసుకుంటుంది. ఈసారి ఫిబ్రవరి దాకా రాశాక లాగేసుకున్నాను.

"నువ్వేం రాస్తావయ్యా అందులో?" అంది.

"నీ గురించే. చదివితే ఏడుస్తావు."

"దానికి చదవడం దేనికి, నిన్ను చూస్తే చాలదూ!" అని వంటింట్లోకి పోయింది. నోట్లో పుట్టినప్పటి నుంచీ రంపమే.

అసలు రాద్దామనుకున్నది ఇది కాదు. ఇవాళ నోటీసు బోర్డు మీద కాగితం పడింది. ఏదో రేసు జట్టు మన ఇంజన్లు కావాలని అడిగిందట. పదకొండేళ్ళ కిందట మానేసిన పనిని కంపెనీ మళ్ళీ మొదలుపెట్టాలా వద్దా అని పైవాళ్ళు ఆలోచిస్తున్నారట. షాపులో పాతవాళ్ళ అభిప్రాయం కూడా అడుగుతారట.

ఇదే షాపులో పనిచేసే మా బావ ఆ కాగితం మూడుసార్లు చదివాడు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, నాలుగోసారి చదివాడు.

మార్చి 5, బుధవారం

క్యాంటీన్లో ఇవాళ టీ కన్నా గొడవే వేడిగా ఉంది. రేసులకి ఇంజన్లు ఇవ్వాలా వద్దా అని అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఇంటికి కూరగాయలేవి తేవాలో తేల్చుకోలేని వాళ్ళు కంపెనీ భవిష్యత్తు తేల్చేస్తున్నారు.

పెయింటు షాపు లావుపాటాయన గట్టిగా వద్దన్నాడు. "ఊరంతా కరెంటు కార్లు కొంటుంటే, పెట్రోలు తాగే రేసు ఇంజన్ చేసి ఎవరికి చూపిస్తామండీ? అప్పుడు చేసి ఏం బావుకున్నాం?"

బావ మామూలుగా క్యాంటీన్లో నోరు విప్పడు. ఇవాళ విప్పాడు.

"రోడ్డు మీద తిరిగే ఇంజన్లో మనం తప్పు చేస్తే రెండేళ్ళకి గానీ తెలీదండీ. అప్పటికి ఎవడు చేశాడో కూడా మర్చిపోతాం. రేసు ఇంజన్ అలా కాదు. ఆదివారం సాయంత్రానికల్లా మొహం మీదే చెప్పేస్తుంది. అలా చెప్పేవాళ్ళు లేకే మన చేతులు మొద్దుబారిపోయాయి."

నేను ఊరుకుంటే ఎలా?

"బావా, కారు వాళ్ళది, డ్రైవరు వాళ్ళవాడు, లోపల ఇంజనొక్కటే మనది. గెలిస్తే డ్రైవరు ఫొటో వేస్తారు. ఆగిపోతే ఇంజన్ ఫొటో వేస్తారు. మనకెందుకొచ్చిన పెళ్ళి ఫొటోలు?"

అందరూ పగలబడి నవ్వారు. బావ కూడా నవ్వాడు. "ఫొటో కోసమేనట్రా మనం చేసింది?" అన్నాడు.

"మరి దేనికోసం?"

బావ బిస్కెట్టు టీలో ముంచాడు. తెగిపడింది. చెంచాతో తీసుకుని తిన్నాడు. నేరమే. ఊరుకున్నాను.

మార్చి 6

ఆ గీతలు నేను తుడిచేశాను. గుడ్డతో తుడిచాను. బాగా గుర్తుంది.

మార్చి 10, సోమవారం

హెడ్డాఫీసు నుంచి ఒకాయన దిగాడు. ఎండలో కూడా టై విప్పడు. టై సారు అని పేరు పెట్టాను, మధ్యాహ్నానికల్లా షాపంతా అదే పేరు.

టై సారు పాతవాళ్ళం నలుగురినీ కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడాడు. పైవాళ్ళకి ఒక్కటే అనుమానమట. పదకొండేళ్ళ కిందట ఆఖరి రేసులో, ఇంకో మూడు చుట్లు ఉన్నాయనగా, ముందున్న మన కారు పొగ కక్కి ఆగిపోయింది. డ్రైవరుకి ఏమీ కాలేదు, దిగి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. వారానికల్లా కంపెనీ రేసులకి దణ్ణం పెట్టేసింది. రేసు సెక్షను మూసేశారు. ఆ ఇంజన్ చెక్కపెట్టెలో తిరిగొచ్చింది, ఎవరూ విప్పలేదు. "కారణం తెలియదు" అని కాగితం మీద రాసి స్టోర్లో పడేశారు. ఇప్పుడు ఆ పెట్టె విప్పాలట. ఇంజన్ డిజైన్లోనే లోపముందని తేలితే మళ్ళీ రేసుల ఊసే ఎత్తరట. లోపం డిజైన్లో లేకపోతే సరేనంటారట.

"ఆ ఇంజన్ కట్టింది ఎవరు?" అన్నాడు టై సారు.

"నేనే" అన్నాడు బావ. ఎవరో బహుమతికి పిలిచినట్టు లేచి నిలబడి చెప్పాడు.

"అయితే మీరే విప్పండి."

ఈ గీత సంగతి ఒకసారి రాసి పడేస్తాను, తేలికవుతుందేమో.

ఇంజన్ కట్టేటప్పుడు ప్రతి బోల్టునీ ముందు పానాతో మామూలుగా బిగిస్తాం. తర్వాత కొలత రెంచితో చెప్పినంత గట్టిగా బిగిస్తాం. సరిపోగానే రెంచి టక్కుమంటుంది. అప్పుడు పెయింటు పెన్నుతో బోల్టు తల మీంచి పక్కనున్న ఇనుము మీదకి ఒక గీత గీస్తాం. గీత ఉంటే ఆ బోల్టు పని అయినట్టు. మళ్ళీ ఎవరూ ముట్టుకోరు, అనుమానించరు. రేసు సెక్షన్లో ఒక ఇంజన్ మొత్తం ఒక్కడే కట్టేవాడు. గీత వాడి సంతకం కింద లెక్క.

బావ మా అక్క మొగుడు. నన్ను షాపులో పెట్టించింది బావే, పానా పట్టుకోవడం నేర్పింది బావే. బావమరిదినై ఉండి ఆటపట్టించకపోతే ఎలా? బావ టీకి వెళ్ళినప్పుడు, ఇంకా రెంచి పెట్టని బోల్టుల మీద ఆయన పెన్నుతోనే నేను గీతలు గీసి పెట్టేవాణ్ణి. ఆయనొచ్చి, చేసేశాననుకుని పక్కదానికి వెళ్ళగానే పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ణి. "బావా, ముసలాడివైపోయావు! లేని బిగింపు ఉందనుకుంటున్నావు!" ఆయన నా నెత్తిన ఒకటి మొట్టి, గీత తుడిచి, మళ్ళీ బిగించేవాడు. ఎన్నిసార్లో. ఒక్కసారి కూడా కోప్పడలేదు.

ఆ ఆఖరి ఇంజన్‌కీ అయిదో సిలిండర్ దగ్గర రెండు బోల్టుల మీద గీశాను. కానీ తుడిచేశాను. అంతే.

మార్చి 11

"నిద్దట్లో తుడిచాను తుడిచాను అంటున్నావు. ఇంట్లో చీపురు కూడా ముట్టుకోవు, ఏం తుడిచావయ్యా?" అంది మా ఆవిడ.

"నీ కన్నీళ్ళు" అన్నాను.

మార్చి 16, ఆదివారం

అక్క వాళ్ళింటికి వెళ్ళాం. లోపలికి వెళ్ళేసరికి బావ బట్టలుతికే మిషను ముందు గొంతుక్కూర్చుని, పొడుగాటి స్క్రూడ్రైవర్ పిడి పళ్ళతో కరిచిపట్టుకుని, మొనని మిషను ఒంటికి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. చెవులు మూడేళ్ళుగా సరిగా పనిచేయడం లేదు ఆయనకి. పళ్ళ ద్వారా ఎముకలోకి చప్పుడొస్తుందట, చెవితో పని లేదట.

"బేరింగ్ పోతోంది. ఇంకో రెండు నెలలు" అన్నాడు పిడి నోట్లోంచి తీసి.

"పోయింది బేరింగా, మీ మతా?" అంది అక్క. కానీ మొహం వెలిగిపోతోంది. నన్ను వంటింట్లోకి లాగి, "తమ్ముడూ, ఆ నోటీసు పడ్డ దగ్గర్నుంచీ మీ బావ మళ్ళీ మనిషయ్యాడురా. రేసు సెక్షను మూశాక పదకొండేళ్ళు ఆ తనిఖీ కుర్చీలో కూర్చుని, బాగుందనే ఆకుపచ్చ బొత్తాం నొక్కీ నొక్కీ, ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు. నిన్న పొద్దున ఈల వేశాడు. నేను భయపడ్డాను, కుక్కరనుకుని" అంది.

భోజనాలయ్యాక బావా నేనూ వసారాలో కూర్చున్నాం.

"ఒరేయ్, నాకు రెండేళ్ళే ఉంది సర్వీసు. ఒక్క ఇంజన్ కట్టిపోతే చాలురా. ఆ పెట్టె విప్పాలంటే మాత్రం భయమేస్తోంది."

"ఎందుకు?"

"లోపం డిజైన్‌ది అయితే మళ్ళీ చేయనివ్వరు. నాది అయితే..." చెప్పడం ఆపి గోరుతో కుర్చీ చెయ్యి గీకాడు. "నాది కాదురా. ఒక్కో బోల్టూ నాకు గుర్తుంది."

చెబుదామనే నోరు తెరిచాను. "బావా, నీ చెవుల్లో వెంట్రుకలు కొలత రెంచితో పీకాలి" అన్నాను. నవ్వాడు వెర్రిబాగులాడు.

మార్చి 18, మంగళవారం

అభిప్రాయాల కాగితాలు పంచారు. పేరు రాయక్కర్లేదు. కంపెనీ రేసులకి ఇంజన్లు ఇవ్వాలా? అవును, వద్దు. రెండు గళ్ళు.

నేను వద్దు దగ్గర టిక్కు పెట్టాను. ఎందుకంటే కంపెనీ బాగు నాకు ముఖ్యం. కరెంటు కార్ల కాలం. పెయింటు షాపాయన చెప్పింది అక్షరాలా నిజం. ఇందులో నా స్వార్థమేమీ లేదు. వద్దంటే పెట్టె విప్పరేమోనన్న ఆలోచన నాకసలు రానేలేదు.

సాయంత్రం బావ అన్నాడు, "పాతవాళ్ళం నలుగురిలో మూడు అవున్లు, ఒక వద్దు వచ్చాయటరా. ఆ ఒక్కడూ ఎవడై ఉంటాడు?"

"ఎవడో దరిద్రుడు" అన్నాను.

మార్చి 24, సోమవారం

విప్పారు.

స్టోర్లోంచి పెట్టెని బల్ల దగ్గరికి తెచ్చారు. టై సారు, మా షాపు పెద్దసారు, పాతవాళ్ళం నలుగురం. బావ తలకి నూనె రాసి, దువ్వుకుని వచ్చాడు. మేకులు పీకుతుంటే ఒక్కో మేకునీ డబ్బాలో వేశాడు, పారేయలేదు.

ఇంజన్ బ్లాకు పక్కన పిడికిలంత కన్నం. దాన్ని చూసి బావ "అయ్యో" అన్నాడు, పిల్లాడి మోకాలి గాయం చూసినట్టు. అడుగు మూత తీశాడు. పాత నూనె వాసన. మూతలో అయిదో సిలిండర్ ముక్కలున్నాయి. పిస్టన్ని పట్టుకునే కడ్డీ రెండుగా తెగి ఉంది. దాన్ని బిగించే రెండు బోల్టుల్లో ఒకటి విరిగింది. రెండోది విరగలేదు. చెక్కుచెదరలేదు. ఊడొచ్చింది, అంతే. ఊడి మూతలో ఒక మూల పడుకుని ఉంది, తల మీద సగం పసుపు గీతతో.

బావ దాన్ని తీసి గుడ్డతో నూనె తుడిచాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు.

బావ గీతలు స్కేలు పెట్టి గీసినట్టుంటాయి, మొదటి నుంచి చివరి దాకా ఒకే లావు. నాది ఎడమ చెయ్యి. నా గీత కుడివైపు లావుగా మొదలై ఎడమకి పోయేకొద్దీ సన్నబడి, చివర తోక తిరుగుతుంది. ఎలక తోక అని ఆయనే వెక్కిరించేవాడు.

ఎంతసేపు చూశాడో తెలీదు. సన్నబడుతూ పోయిన ఆ గీత వెంట గోరు జరిపాడు.

"డిజైన్ లోపమా?" అన్నాడు టై సారు.

"కాదండీ" అన్నాడు బావ. "ఇంజన్ తప్పేమీ లేదు. ఈ రెండు బోల్టులూ బిగించకుండానే గీత పెట్టేశాను. నా పొరపాటు."

"బిగించకుండా మీరే గీత పెట్టారా? ఇంత అనుభవముండి?"

"నేనేనండి. ఆ పెన్ను నాదే."

నా వైపు చూస్తాడనుకున్నాను. ఒక్కసారి చూసి ఉంటే నేను చెప్పేసేవాణ్ణి. ఒట్టు. చూడలేదు. అంత చిన్న గదిలో ఆరుగురముంటే, నలుగురిని చూసి ఒక్కణ్ణి చూడకుండా ఉండటం ఎంత కష్టమో. ఆయన చేశాడు.

మార్చి 25

తుడవలేదు.

మార్చి 26, బుధవారం

తుడవలేదు. గీసి, నవ్వుదామని ఎదురుచూస్తుండగా స్టోరు నుంచి పిలుపొచ్చింది, ఏదో పార్సిలు మీద సంతకం పెట్టాలని. తిరిగొచ్చేసరికి అడుగు మూత బిగించేసి ఉంది. సాయంత్రం లారీ ఎక్కాలి ఇంజన్. చెబితే మొత్తం విప్పాలి. బావ పొద్దుటి నుంచీ చిరాగ్గా ఉన్నాడు. చూసుకునే ఉంటాడులే అనుకున్నాను. తర్వాత పరీక్ష బల్ల మీద రెండు గంటలు నడిపితే గంటలా మోగింది. చూశావా, చూసుకునే ఉంటాడు అని మళ్ళీ అనుకున్నాను. పదకొండేళ్ళు అదే అనుకున్నాను.

మార్చి 31, సోమవారం

కంపెనీ సరేనంది. రేసులకి మళ్ళీ ఇంజన్లు ఇస్తున్నాం. డిజైన్లో లోపం లేదనీ, అది ఒక మనిషి చేసిన పొరపాటు మాత్రమేననీ రాసి బోర్డుకి అంటించారు. జనం చప్పట్లు కొట్టారు. పెయింటు షాపాయన కూడా.

కొత్త సెక్షనుకి పేర్లు వేశారు. బావ పేరు లేదు. నా పేరుంది.

పెద్దసారు నన్ను ఆపి, "మీ బావే చెప్పాడయ్యా నీ పేరు. ఎడమ చేతివాడు, బ్లాకు వెనక బోల్టులు వాడికి అందినట్టు ఇంకెవరికీ అందవు, వాణ్ణి తీసుకోండి అన్నాడు" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది.

ఏప్రిల్ 2, బుధవారం

అక్క వాళ్ళింటికి వెళ్ళాను. బావ తలుపు తీశాడు.

"రండి. కూర్చోండి" అన్నాడు.

ఇరవై ఆరేళ్ళలో ఒరేయ్ తప్ప ఇంకో పిలుపు లేదు నాకు ఆ ఇంట్లో. ఎవరైనా నా వెనక నిలబడ్డారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు.

మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. "కొత్త సెక్షనులో జాగ్రత్తగా చేసుకోండి" అన్నాడు. లోపలికి వెళ్ళి పడుకున్నాడు. గోడవైపు తిరిగాడని అక్క మొహం చూస్తేనే తెలిసింది.

అక్కకేమీ చెప్పలేదు ఆయన. "పొరపాటు నాదేనంటాడు, అంతకుమించి పెదవి విప్పడు. నువ్వైనా చెప్పరా, అక్కడున్నావుగా, నిజంగా ఈయనేనా? చెయ్యి కడుక్కుని మళ్ళీ కడిగానా లేదా అని చూసుకునే మనిషిరా. ఈయన బిగించకుండా గీత పెడతాడా?" అంది.

"నాకేం తెలుసే" అన్నాను.

అక్క నాకు మంచి కాఫీ ఇచ్చింది.

ఏప్రిల్ 4, శుక్రవారం

చెప్పేశాను.

మధ్యాహ్నం పెద్దసారు గదికి వెళ్ళాను. మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కాను. లోపలికి వెళ్ళి తలుపు వేసి, కూర్చోకుండా, "సార్, ఆ గీత నాది. బావ పెట్టలేదు. ఆటకి నేను పెట్టాను. నా ఎడమ చేతి గీత, కావాలంటే చూడండి" అన్నాను.

సారు నన్ను ఒక్క క్షణం చూసి, కుర్చీలో వెనక్కి వాలి ఒకటే నవ్వు. "పోయినేడాది నా కుర్చీ కింద కప్ప బొమ్మ కట్టింది నువ్వే కదయ్యా? మొన్న టై సారు గొడుగు నిండా కాగితం ముక్కలు పోసిందీ నువ్వే. ఇప్పుడిదా?"

"సార్, ఒట్టు సార్."

"నీ ఒట్లు కూడా నాకు తెలుసు" అన్నాడు. తర్వాత నవ్వాపి, లేచి వచ్చి భుజం మీద చెయ్యేశాడు. "బావని కాపాడాలని చూస్తున్నావు. మంచివాడివయ్యా. కానీ ఆయన ఒప్పుకున్నాడు, సంతకం పెట్టాడు. ఇంక ఎవరు చెప్పినా చెల్లదు. వెళ్ళి పని చూసుకో."

బయటికొచ్చేశాను. ఇంక నేను చేయగలిగిందేముంది? చెప్పాల్సింది చెప్పాను. నమ్మకపోతే నా తప్పా? జీవితమంతా వేళాకోళం చేసినవాడి నిజం ఎవరికీ పనికిరాలేదు. నాకు తగిన శాస్తి. ఇవాళ కడుపు నిండా భోంచేశాను.

ఏప్రిల్ 21, సోమవారం

కొత్త సెక్షను మొదలైంది. తెల్లగా సున్నం కొట్టిన గోడలు, కొత్త బల్లలు, కొత్త రెంచీలు. కుర్రాళ్ళు ఏడుగురు, పాతవాళ్ళం ముగ్గురం.

కొత్త రూలొకటి పెట్టారు. ఒకడు బిగించి గీత గీస్తే, ఇంకొకడు రెంచి పెట్టి చూసి పక్కన రెండో గీత గీయాలి. మంచి రూలే. కుర్రాళ్ళు దానికి అప్పుడే పేరు పెట్టేశారు. ముసలాయన గీత. "ఒరేయ్, ముసలాయన గీత గీశావా లేదా? లేకపోతే మనల్ని కూడా బొత్తాం నొక్కడానికి పంపుతారు!" అని అరుచుకుంటున్నారు. నవ్వుకుంటున్నారు. నన్ను చూసి, "మీ బావగారి పుణ్యమేనండి మాకు డబుల్ పని" అన్నాడొకడు.

నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో.

ఈ రోజుల్లో బావ క్యాంటీన్‌కి రావడం లేదు. తనిఖీ కుర్చీలోనే టీ తాగుతున్నాడట.

ఏప్రిల్ 24, గురువారం

మొదటి ఇంజన్ పరీక్ష బల్ల మీద నడిచింది. పదకొండేళ్ళ తర్వాత ఆ చప్పుడు. మూడు షెడ్లకీ వినపడింది. పెయింటు షాపు వాళ్ళు కూడా పరిగెత్తుకొచ్చారు. అందరూ ఒకరినొకరు కావలించుకున్నారు. నా గీతలన్నీ సరిగ్గా ఉన్నాయి, పక్కన రెండో గీతలతో.

కిటికీలోంచి చూస్తే బావ దూరంగా తనిఖీ షెడ్డు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు. ఇనప తలుపుకి చెంప ఆనించాడు. ఆ చప్పుడు చెవితో సరిగా వినలేడు కదా. ఇంజన్ ఆపేదాకా అలాగే ఉన్నాడు. ఆపగానే లోపలికి వెళ్ళిపోయాడు. ఎవరూ ఆయన్ని పిలవలేదు. నేను పిలవలేదు.

ఒక సంగతి రాయాలి. ఈ డైరీ చూసేది నేనొక్కణ్ణే కాబట్టి ఎవరికీ అవసరం లేదు. అయినా రాస్తున్నాను.

ఏప్రిల్ 4న రాసిందంతా కల్పన. మెట్లెక్కింది నిజం. తలుపు దాకా వెళ్ళింది నిజం. బయట కూర్చునే గుమాస్తా అమ్మాయి "ఏం కావాలండీ?" అంది. "సెలవు కాగితం" అన్నాను. ఇచ్చింది. తీసుకుని దిగి వచ్చేశాను. కప్ప బొమ్మ, గొడుగు, భుజం మీద చెయ్యి, మంచివాడివయ్యా అన్న మాట, అన్నీ ఇంటికొచ్చి ఈ బల్ల దగ్గర కూర్చుని అల్లాను. రాసి మూడుసార్లు చదువుకున్నాను. నమ్మాను కూడా.

సారు నవ్వలేదు. నవ్వడానికి నేనాయనకి ఏమీ చెప్పలేదు.